మూడు చెవుల కథ

కువైట్ లోని ఫర్వానియా నుంచి మాట్లాడుతున్నాను. వృత్తి రీత్యా ఐటీ కన్సల్టెంటుని. శుక్రవారం సెలవు కదా, ఆ రోజు ఇక్కడి తెలుగువాళ్ళం కలిసి ఇంటర్నెట్ లో ఒక ముఖాముఖి కార్యక్రమం నడుపుతాం. అందులో సౌండు నా బాధ్యత. అతిథి ఒక ఊళ్ళో, ప్రశ్నలడిగేవారు ఇంకో ఊళ్ళో, వినేవాళ్ళు నాలుగు ఖండాల్లో! ఇలాంటి చోట ఎవరికి ఏం వినిపించాలి అన్నదే పెద్ద చిక్కు. ఈ చిక్కు ఇంటర్నెట్ తో పుట్టింది కాదు. రేడియో అంత పాతది.

మన సంగతే తీసుకోండి. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. టేపు రికార్డర్లు వాడుకలోకి రాకముందు నాటకమైనా ప్రసంగమైనా చాలావరకు అప్పటికప్పుడు చెప్పవలసిందే. రేడియో స్టేషన్లలో స్టూడియోకీ కంట్రోల్ రూముకీ మధ్య మందపాటి అద్దం ఉంటుంది. ఇంజనీరు వినే స్పీకరు శబ్దం మళ్ళీ మైకులోకి దూరకూడదు. ప్రసారమయ్యేది ఒకటి, పర్యవేక్షించేవాళ్ళు వినేది ఇంకొకటి. పర్యవేక్షించేవాళ్ళు ఇలా వినడాన్నే ఇంగ్లీషులో మానిటరింగ్ అంటారు.

తరవాత వచ్చింది దూరం సమస్య. 1965లో ఎర్లీ బర్డ్ ఉపగ్రహం ద్వారా ఖండాంతర టెలిఫోన్ కాల్స్ మొదలయ్యాయి. ఆ ఉపగ్రహం ఉండేది దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తున. మాట పైకెళ్ళి కిందికి దిగడానికి పావు సెకను. అవతలి ఫోనులోంచి మన గొంతు ప్రతిధ్వనిగా తిరిగి రావడానికి అర సెకను. అర సెకనే కదా అనకండి. బెర్నార్డ్ లీ అనే పరిశోధకుడు 1950లోనే ఒక విషయం చూపించాడు: మన గొంతు మనకే సెకనులో అయిదో వంతు ఆలస్యంగా వినిపిస్తే, చక్కగా మాట్లాడేవాళ్ళకి కూడా నత్తి వస్తుంది! దీనికి విరుగుడు కోసం అమెరికాలోని బెల్ ల్యాబ్స్ లో చాలామంది శ్రమించారు. వారిలో మన దేశంలో పుట్టిన మన్ మోహన్ సోంధీ ఒకరు. ప్రతిధ్వనిని తనంతట తనే నేర్చుకుని తీసివేసే పద్ధతి మీద ఆయన వ్యాసం 1967లో వచ్చింది. ఈనాడు మనం వీడియో కాల్ లో మాట్లాడుతుంటే లోపల పనిచేసేది ఆ పద్ధతి సంతానమే.

రేడియోవాళ్ళ విరుగుడు ఇంకా సులువైనది. దాని పేరు మిక్స్ మైనస్. బీబీసీవాళ్ళు క్లీన్ ఫీడ్ అంటారు. అతిథికి కార్యక్రమం అంతా వినిపించాలి, ఆయన గొంతు ఒక్కటి తప్ప. వియ్యాలవారింటికి సారె పంపేటప్పుడు వాళ్ళిచ్చిన పళ్ళెం వాళ్ళకే తిరిగి పంపం కదా, అలాగన్నమాట. ఇద్దరు అతిథులుంటే రెండు సారెలు, ఎవరిది వారికి.

కాబట్టి కార్యక్రమానికి మూడు చెవులు కావాలి. మొదటిది శ్రోత చెవి: బయటికి వెళ్ళే పూర్తి మిశ్రమం. రెండోది అతిథి చెవి: తన గొంతు తీసివేసినది. చిన్న మిక్సరు ఉన్నా చాలు, ఆక్స్ అనే దారిలో అతిథికి శబ్దం పంపి, అందులో అతిథి మీటని సున్నాకి తిప్పేయాలి. మూడోది సౌండు చూసేవాడి చెవి. మిక్సరు మీద పీఎఫ్ఎల్ అనే బొత్తాం నొక్కితే, ఇంకా ప్రసారంలోకి రాని మనిషి గొంతు నా హెడ్ ఫోన్ లో మాత్రమే వినిపిస్తుంది. ఇవి కాక మొబైల్ డేటా మీద ఇంకో ఫోను పెట్టుకుని, బయట శ్రోతకి నిజంగా ఏం చేరుతోందో ఇయర్ ఫోన్ లో వింటాను. దాన్ని స్పీకరులో పెడితే మాత్రం పాత భూతం మళ్ళీ లేస్తుంది.

ఇంత హంగామా ఎందుకంటారా? ఫర్వానియా, జలీబ్ ప్రాంతాల్లో మనవాళ్ళు ఎక్కువ. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి, డ్రైవర్లుగా వచ్చినవాళ్ళు చాలామంది. ఇంటిపనివారి కోసం కువైట్ లో 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకి పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి అంటుంది. ఆ చట్టం మీద మాట్లాడుకున్న రోజున రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఫోను చేసింది. నా చెవిలో ముందుగా విన్నాను. యజమాని పేరు, ఇంటి నంబరుతో సహా చెప్పబోతోంది. "అక్కా, పేర్లొద్దు, కష్టం మాత్రం చెప్పు" అన్నాను. "అట్నేలే నాయనా" అంది. తరవాతే ప్రసారంలోకి వదిలాను. ఆవిడ తడబడకుండా మూడు నిమిషాలు మాట్లాడింది. మూడో చెవి లేకపోతే ఆవిడ ఉద్యోగం ఏమయ్యేదో!

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనంలో తెలుగువాడైన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డి గారున్నారు. 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంగం రేడియో మొదలుపెట్టారు. రికార్డింగు, మిక్సింగు అన్నీ వాళ్ళే. లైసెన్సు రాకముందు సంవత్సరాల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. పెద్ద చదువులు లేని ఆడవాళ్ళు అంత చేయగలిగినప్పుడు, ల్యాప్ టాప్ లున్న మనకి కష్టమేముంది?

మీ ఊళ్ళో ఇలాంటి కార్యక్రమం పెట్టాలనుకుంటే ఖరీదైన మైకుల దగ్గర మొదలుపెట్టకండి. అతిథిని ముందుగా ఒక్క ప్రశ్న అడగండి: "మీ గొంతు మీకే తిరిగి వినబడుతోందా?" అవునంటే ప్రసారం ఆపి అది సరిచేయండి. మిగతావన్నీ తరవాత చూసుకోవచ్చు. ఉంటానండి, సెలవు.