పెనిసిలిన్ ఏలుబడి కూలిన వైనం

న్యుమోనియా వస్తే ఒకప్పుడు వైద్యుడు చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. మంచం పక్కన కూర్చుని రోజులు లెక్కపెట్టేవాడు. ఏడో రోజుకో తొమ్మిదో రోజుకో ఒళ్లంతా చెమటలు పోసి జ్వరం ఒక్కసారిగా దిగిందా, మనిషి దక్కినట్టే. లేదంటే లేదు. ఆ గండాల లెక్కను చెరిపేసిన మహారాజు పెనిసిలిన్.

దాని పతనం మాత్రం పుట్టిన ఏడాదే, పుట్టిన ఊళ్లోనే రాసిపెట్టి ఉంది. 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఫ్లెమింగ్ బూజు పట్టిన పళ్లెంలో పెనిసిలిన్ జాడ చూశాడు. అదే ఏడాది, అదే నగరంలో బ్యాక్టీరియా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గ్రిఫిత్ తన ప్రయోగాన్ని అచ్చువేయించాడు. న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ క్రిముల్లో హాని చేయలేని రకాన్ని, వేడికి చచ్చిన ప్రాణాంతక రకంతో కలిపి చిట్టెలుకలకు ఎక్కిస్తే అవి చచ్చాయి. వాటి నెత్తుట్లో ప్రాణాంతక రకమే సజీవంగా కనిపించింది! చచ్చినవాటి గుణాన్ని బతికున్నవి పుణికిపుచ్చుకున్నాయన్నమాట. ఈ రెండు సంగతులనూ కలిపి చూసే అవసరం అప్పుడెవరికీ రాలేదు. 1941లో గ్రిఫిత్ జర్మన్ బాంబులకు బలయ్యాడు. ఆక్స్‌ఫర్డ్‌లో రోగుల నరాల్లోకి పెనిసిలిన్ ఎక్కించిందీ ఆ ఏడాదే.

తర్వాత పాతికేళ్లు న్యుమోకాకస్ మీద తిరుగులేని ఏలుబడి. 1967లో సిడ్నీలో ఒక రోగి దగ్గర, మునుపటంత తేలిగ్గా లొంగని క్రిమి బయటపడింది. ఒక్క రోగి. గుండెలు బాదుకునేంత కబురేం కాదు. 1977లో డర్బన్ నుంచి, మరుసటి ఏడు జొహన్నెస్‌బర్గ్ నుంచి అలాంటి కబుర్లే వచ్చాయి. జొహన్నెస్‌బర్గ్ రకం ముందు పెనిసిలిన్‌తో పాటు టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్, క్లోరాంఫెనికాల్ కూడా చేతులెత్తేశాయి.

క్రిమి గోడ కట్టే ప్రొటీన్లకు అతుక్కుని పని ఆపించడమే పెనిసిలిన్ బలం. గోడ నిలవక క్రిమి పగిలి చస్తుంది. స్టెఫైలోకాకస్ క్రిమికి ఉన్నట్టు మందును విరగ్గొట్టే ఎంజైమ్ న్యుమోకాకస్‌కు లేదు. అది మరో దారి పట్టింది. మన గొంతులో సాధువుల్లా కాపురముండే చుట్టపు క్రిముల నుంచి జన్యువుల ముక్కలు ఏరుకుని, తన ప్రొటీన్ల రూపే మార్చేసుకుంది. గ్రిఫిత్ చూసిన విద్యే ఇది. ఆ చుట్టాలను మందుకు రాటుదేల్చింది మాత్రం మనం: జలుబుకీ, వైరల్ జ్వరానికీ, మందుల షాపులో ‘రెండు పూటలకు ఇవ్వండి’ అని కొనుక్కున్న యాంటీబయాటిక్ మాత్రలతో.

ఊపిరితిత్తుల్లో అయితే, మోతాదు పెంచితే పెనిసిలిన్ ఇప్పటికీ చాలాసార్లు గెలుస్తుంది. మెదడు పొరల్లోకి మందు అంతగా చేరదు, అక్కడే ఓడింది. ఆ పొరల వాపు, అంటే మెనింజైటిస్‌తో వచ్చిన బిడ్డకు ఇవాళ చాలాచోట్ల సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్ రెండూ కలిపి మొదలుపెడతారు. కల్చర్ రిపోర్టు వచ్చి, ఈ క్రిమి లొంగే రకమేనని తేలేదాకా పెనిసిలిన్ ఊసెత్తరు.