ఎర్ర పీలిక పుట్టిన ఏడు

1906 ఏప్రిల్‌లో భూకంపం శాన్‌ఫ్రాన్సిస్కోను కుదిపేసింది. ఆ వెంటనే చెలరేగిన మంటల్లో లీవై స్ట్రాస్ కంపెనీ కార్యాలయం, దాంతోపాటు దస్తావేజులూ బూడిదయ్యాయి. జేబు మూలలకు రాగి రివిట్లు కొట్టే పద్ధతికి దర్జీ జేకబ్ డేవిస్‌తో కలిసి 1873లో పేటెంట్ తెచ్చుకున్న కంపెనీ అది. చివరికి 1880ల నాటి తమ ప్యాంటునే 2001లో ఈబే వేలంలో 46,532 డాలర్లు పోసి కొనుక్కుంది!

కాగితాలు పోయాక ఏ ప్యాంటు ఏనాటిదో సాక్ష్యం చెప్పాల్సింది బట్టే. చిత్రమేమిటంటే, పాత జీన్స్ సేకర్తలు నమ్ముకునే గుర్తుల్లో ఒక్కటీ తేదీ చెప్పడానికి పెట్టింది కాదు.

ఎర్ర ట్యాబ్ సంగతే తీసుకోండి. పేటెంట్ గడువు తీరాక రివిట్లు అందరివీ అయిపోయాయి, వెనక జేబు మీది వంపు కుట్టునూ పోటీదార్లు అనుకరించారు. 1936లో అమ్మకాల అధికారి క్రిస్ లూసియర్‌కు ఓ ఆలోచన తట్టింది: కుడి వెనక జేబు కుట్టులో చిన్న ఎర్ర రిబ్బను ముక్క ఇరికిస్తే ఎవరి ప్యాంటో దూరం నుంచే తెలుస్తుంది. దాని మీద తెల్ల దారంతో బ్రాండు పేరు, అన్నీ క్యాపిటల్ అక్షరాలే. 1967లో వాల్టర్ లాండర్ సంస్థ కొత్త లోగో గీసింది. అందులో ‘ఈ’ చిన్నక్షరం. 1971 నుంచి ట్యాబ్‌లూ అలాగే మారాయి. ఉతుకులకు ముడుచుకుపోయిన ఆ పీలికను గోటితో విప్పి, ‘ఈ’కి మూడు అడ్డగీతలున్నాయా, లేక అది గుండ్రంగా తిరిగిందా అని చూస్తారు. ధర అక్కడే తేలిపోతుంది.

వెనక జేబు రివిట్లు కుర్చీలనూ గుర్రపు జీన్లనూ గీస్తున్నాయని 1937లో వాటిని గుడ్డ కింద దాచారు. 1966లో తీసేసి దట్టమైన కుట్టు వేశారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రెండో ప్రపంచయుద్ధ కాలపు జేబు. దారం ఆదా చేయాలని వంపు కుట్టును రంగుతో గీశారు. ఉతికేకొద్దీ ఆ రంగు పోయింది. ఖాళీగా మిగిలిన ఆ జేబే ఇప్పుడు యుద్ధకాలపు ఆనవాలు.

తర్వాత చట్టం వచ్చింది. ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ తప్పనిసరని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నిబంధన 1972లో అమల్లోకొచ్చింది. పాత నమూనాలను కంపెనీయే పెద్ద ‘ఈ’తో సహా మళ్ళీ కుడుతున్న ఈ రోజుల్లో ఇది బాగా పనికొస్తుంది. పెద్ద ‘ఈ’ కనబడగానే డబ్బు తీయకండి. ప్యాంటు తిరగేసి చూడండి. లోపల ఉతుకు లేబుల్ ఉంటే అనుమానించాల్సిందే. లేకపోతే, కత్తిరించిన మొదలేమైనా కుట్టులో మిగిలిందేమో వేలితో తడమండి.