మోకాటి మృదులాస్థి: కత్తియు, కణమును

విలియం హంటరు 1743లో లండను రాయల్ సొసైటీవారి సంచికలో కీళ్ల మృదులాస్థిని గూర్చి వ్రాయుచు, అది యొకమారు నశించిన తిరిగి పుట్టదను మాట హిపోక్రటీసు కాలమునుండియు వైద్యులెల్లరు నంగీకరించినదే యని పేర్కొనెను. రక్తనాళములు లేని యా నునుపుపొరకు తన గాయమును తాను మాన్పుకొను శక్తి మిక్కిలి స్వల్పము.

కావుననే తొలి విజయము మృదులాస్థిని ముట్టని శస్త్రచికిత్సకు దక్కినది. దొడ్డికాళ్లవారికి దేహభారము మోకాటి లోపలివైపున మిక్కుటముగా పడి, పొర యచ్చటనే యరుగును. అరిగినకొలది కాలు మరింత వంగును, వంగినకొలది భారము మరింత పెరుగును. ఈ పరంపరను త్రెంచుటకై, ఇంగ్లండులో జాక్సన్, వా అనువారు 1961లో చూపిన త్రోవన నడచి, మేయో క్లినిక్కునకు చెందిన మార్క్ కావెంట్రీ 1965లో తన పద్ధతిని వెల్లడించెను: కీలునకు దిగువ జంఘాస్థినుండి త్రికోణాకారపు తునకను కోసి తీసి, కాలిని చక్కజేసి, భారమును చెడని వెలుపలివైపునకు మరల్చుట. వడ్రంగి యెరిగిన యుపాయమే యిది. అయినను ఈ చరిత్రయందు దీనికంటె యుక్తియుక్తమైనది నాకు కనబడదు.

పొరనే తిరిగి మొలిపింపగోరి, బ్రిస్టల్ నగరమున శస్త్రవైద్యుడు ప్రైడీ 1959లో పొర యూడిన యెముకకు రంధ్రములు తొలిచి మజ్జరక్తమును పైకి రప్పించెను. పిదప అమెరికాలో స్టెడ్‌మన్ దానినే సూక్ష్మరంధ్రములతో సంస్కరించెను. మొలచినది మాత్రము నారపొర. 1970 దశకమున కృత్రిమపు కీలు వ్యాప్తికి రాగా ఈ ప్రయత్నములు వెనుకబడినను, లోహమును, ప్లాస్టిక్కును నడివయసువాడు వృద్ధునికంటె త్వరగా నరగదీయును గనుక, సొంతకీలును నిలుపు యత్నము మానలేదు.

గోథెన్‌బర్గ్‌లో పీటర్‌సన్, బ్రిట్‌బర్గ్ బృందము రోగి మృదులాస్థికణములనే ప్రయోగశాలలో పెంచి 1987లో తిరిగి నాటి, 1994లో 23 మంది ఫలితములను ప్రకటించినది. అదియు దెబ్బతగిలిన మోకాళ్లకే గాని అరిగినవానికి గాదు. ఆవల, మాస్కోలో ఫ్రీడెన్‌స్టైన్ అస్థిమజ్జయందు గుర్తించిన మూలకణములపై ఆశ పెరిగెను. 2002లో జపానునందు వాకితని బృందము, ఎముక కోసి సరిచేసిన 24 మోకాళ్లలో 12 కి మాత్రమే యీ కణములను నాటగా, అచ్చట పొర కంటికి మెరుగుగా నుండెను గాని, రోగుల యుపశమనమున చెప్పదగిన భేదము కానరాలేదు. ఇందలి సూచనను, కణములను సూదితో నెక్కించి లక్షలు గొనువారు గుర్తింపలేదు. 2023లో ప్రకటితమైన అమెరికా పరీక్షయందు, మోకాళ్లరిగిన 475 మందిలో, మజ్జనుండియైనను, కొవ్వునుండియైనను, బొడ్డుతాడునుండియైనను తీసిన కణములు, ఏడాది గడచునప్పటికి, చవుకైన స్టిరాయిడు సూదిమందుకంటె నొప్పిని మిన్నగా తగ్గింపలేదు.