ఇంటి మగ్గమునుండి ఇంటి కార్యాలయమునకు

2020 మార్చి 25వ తేదీన దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు బెంగుళూరు, పూణే, చెన్నై నగరములలో కంప్యూటరు పని చేయు మన బిడ్డలు కొలది దినములలోనే తమ కార్యాలయములను భోజనపు బల్లలమీదికి తెచ్చుకొనిరి. లోకమున నెన్నడు లేని వింత యని పలువు రనుకొనిరి. షోలాపూరునందలి మన పద్మశాలి కుటుంబముల చరిత్ర నెరిగినవారి కిది వింతగా తోపదు. పని యింటిలో నుండుట, ఇల్లు విడిచి పోవుట, మరల ఇంటికి వచ్చుట, ఈ మూడును ఆ వాడలవారు చూచినవే.

షోలాపూరునకు పూణే నుండి రైలు 1860లో వచ్చినది. 1877లో పెద్ద నూలు మిల్లు వెలసినది. కరీంనగరము, నల్లగొండ, పాలమూరు ప్రాంతములనుండి మన నేతగాండ్రు అక్కడికి తరలిరి. ఇంటిలో నడిమి గదియే కార్ఖానా. గుంటమగ్గములో కాళ్లు పెట్టి కూర్చుండువాడు ఇంటి యజమాని. ఆసు పోయుట, రాట్నముపై కండెలు చుట్టుట ఇల్లాలికి, ముసలితల్లికి, పిల్లలకు పడెను. సావుకారు చీర కింత యని యిచ్చు కూలి మగ్గముపై కూర్చున్నవాని పేరనే పడెడిది. కండెలు చుట్టిన చేతులకు పద్దులో చోటు లేదు. ఒక మేలు మాత్రము చెప్పవలెను. మగ్గము చుట్టు ఆడుకొను పిల్లవాడు పడుగు, పేక, నాడె అను మాటలను పనితో పాటు నేర్చెను. బజారులో మరాఠీ మాటలాడిన కుటుంబములలో తెలుగు నిలుచుటకు ఇంటి పని యొక కారణమని మా నమ్మకము.

మిల్లు భోంగా కూయగానే పరుగిడుట, ఆ ధూళి, ఆ చప్పుడు ఎవరికిని ప్రియములు కావు. అయినను గేటు దాటినవాని దినమున కొక కొలత యేర్పడినది. 1881లో పిల్లల పనిగంటలకును, 1911లో జౌళి మిల్లులలోని పురుషులకు దినమునకు 12 గంటలుగాను, 1948లో వారమునకు 48 గంటలుగాను చట్టములు హద్దు పెట్టినవి. ఇంటి మగ్గమునకు భోంగా లేదు, హద్దును లేదు.

మిల్లునకు పోని స్త్రీలకు బీడీ పని దొరకినది. కార్ఖానానుండి తునికాకు, పొగాకు తూచి తెచ్చుకొని, ఆకు తడిపి, కత్తిరించి, చాట ముందు పెట్టుకొని చుట్టి, దారము కట్టి, కట్టలు మరల అప్పగింపవలెను. వేయి బీడీల కింత యని కూలి. బాగులేవని త్రోసివేసిన బీడీలకు కూలి రాదు. ఆకు చాలనిచో ఆ కొరతయు ఆమెదే. దీపము, నీరు, కూర్చుండు చోటు ఆమెవి. పొగాకు ధూళిని ఆమెతో పాటు ఉయ్యాలలోని బిడ్డయు పీల్చెను. అయినను ఇంటిలో కూర్చున్నవారు తమ పనివారే కారని యజమానులు వాదించిరి. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారిని కూడ పనివారిగానే యెంచినది. యజమానులు కోర్టు కెక్కిరి. 1974లో సుప్రీంకోర్టు చట్టమును నిలబెట్టినది. భవిష్యనిధి విషయమున 1985లో మరల అట్టి తీర్పే రావలసి వచ్చెను. ఇంత స్పష్టమైన మాట తేలుటకు ఇరువది యేండ్లు!

2020 వేసవిలో ఈ స్త్రీలకు ఆకు రాలేదు, చేతులు ఊరకుండెను. ఇంటిపని భద్రమను మాట లాప్‌టాప్ గలవారికే చెల్లినది. వారికైనను అది నిలుకడగా లేదు. టాటా కన్సల్టెన్సీ వారు 2025 నాటికి నూటికి 25 మందికి మించి కార్యాలయమునకు రానక్కరలేదని 2020లో ప్రకటించి, 2023లో వారమునకు అయిదు దినములు రమ్మనిరి. బెంగుళూరు ఔటర్ రింగ్ రోడ్డుపై గడచు గంటలను మేము పొగడము. కొడుకు రెండేండ్లు ఇంటనున్నందులకు ముసలివారు పొందిన సంతోషమును తక్కువ చేయము. కాని కరెంటు బిల్లు, కుర్చీ, రాత్రి పదింటికి వచ్చు ఫోను, ఇవి యెవరి పద్దులోనివి? ఇంకొక మాట. మగ్గమువద్ద పిల్లవాడు కూర్చుండి భాష నేర్చెను. లాప్‌టాప్ వద్దకు వచ్చిన పిల్లవానిని మీటింగున్నదని పంపివేయుచున్నాము.

ఇటీవల షోలాపూరున బంధువుల యింట ఒక రాత్రి నిలిచితిమి. వరండాలో చాట ముందు అత్తగారు, లోపలి గదిలో పూణే కంపెనీ పనితో కోడలు. తొమ్మిది గంటలకు అత్తగారు చాట ప్రక్కకు పెట్టి, తన పుస్తకము తీసి, ఎన్ని చుట్టినది, ఎన్ని త్రోసివేసినది చూచుకొనిరి.

"నీ పుస్తకమేది బిడ్డా?" అని నవ్వుచు కోడలి నడిగిరి.

"నాకు పుస్తకం లేదత్తమ్మా, నెలజీతమే" అని చెప్పి, ఆమె మ్రోగుచున్న ఫోను తీసికొనెను.