ఇమ్రోజ్ అంటే ఈరోజు

ఏటా ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ 17 దాకా నా ఫోన్‌కి ఒక ఫొటో వస్తూనే ఉంటుంది. షోయబుల్లా ఖాన్ ఫొటో. మొహబ్బత్‌తో పంపేవాళ్లు కొందరు, "మీవాడే, చూసి నేర్చుకో" అన్నట్టు పంపేవాళ్లు కొందరు. ఫొటో కింద రెండే ముక్కలుంటాయి: రజాకార్లు చెయ్యి నరికారు, చంపారు. ఆ చెయ్యి ఏం రాసిందో, ఏ జుబాన్‌లో రాసిందో, ఎవరికోసం రాసిందో ఉండదు. నాకు కావలసింది అదే.

ఆనాటి హైదరాబాద్ రియాసత్‌లో నోరు విప్పడం ఇజాజత్ మీద నడిచే వ్యవహారం. గష్తీ నిషాన్ 53 అని ఒక సర్కారీ ఉత్తర్వు ఉండేది. సభ పెట్టుకోవాలంటే ముందు అనుమతి కావాలి. అఖ్బార్ నడపాలన్నా అంతే. ఇచ్చిన ఇజాజత్‌ను హుకూమత్ ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకునేది. అలాంటి చోట 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు తెలుగులో గోలకొండ పత్రిక పెట్టారు. ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ సాహెబ్ ఉర్దూలో 'పయామ్' నడిపారు. ఈ ఖాజీ సాహెబ్‌ను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తారు.

షోయబుల్లా 1920 అక్టోబర్ 17న వరంగల్ సుబాలో పుట్టాడు. ఇంట్లో ముద్దుగా 'షోయబుల్లా గాంధీ' అనేవారని చెప్పుకుంటారు. చదివింది ఉస్మానియాలో. పై చదువులు కూడా ఉర్దూలో చెప్పిన యూనివర్సిటీ అది. ఆ డిగ్రీ ఉన్న ముస్లిం కుర్రాడు సర్కారీ నౌకరీ చూసుకుని హాయిగా బతకొచ్చు. ఇతను 'తేజ్' అనే ఉర్దూ వారపత్రికలో చేరాడు. హుకూమత్ దాన్ని మూయించింది. అక్కణ్ణుంచి 'రయ్యత్'కి వెళ్లాడు. దాన్నీ మూయించింది.

'రయ్యత్' దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఆ ఉర్దూ అఖ్బార్ ఎడిటర్ పేరు మందుముల నరసింగరావు. తెలుగువాడు, హిందువు, ఉర్దూలో ఇదారియాలు రాసిన సహాఫీ. ఉర్దూ అంటే ముసల్మాన్, తెలుగు అంటే హిందువు అనే లెక్క ఆ ఆఫీసులో చెల్లలేదు. ఈ రోజుల్లో ఈ సంగతి చెబితే వింతగా చూస్తారు. అప్పుడది వింత కాదు. కోర్టు, కచేరీ, కాలేజీ అన్నీ ఉర్దూలో నడిచేవి, కాబట్టి హుకూమత్‌ని నిలదీయాలన్నా అందులోనే నిలదీయాలి.

రయ్యత్ మూతపడ్డాక షోయబుల్లా తనే ఒక దినపత్రిక పెట్టాడు. 1947 నవంబర్ 15న మొదటి సంచిక వచ్చింది. పేరు 'ఇమ్రోజ్', అంటే ఈరోజు. బూర్గుల రామకృష్ణారావు లాంటివాళ్లు సాయం చేశారు. సరిగ్గా రెండు వారాలకు, నవంబర్ 29న, నిజాం ఢిల్లీతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఇల్హాఖ్ అవుతుందా, ఆజాద్ హైదరాబాద్ ఉంటుందా అన్న సవాలు ఒక ఏడాది వాయిదా పడింది. ఆ వాయిదా కాలంలోనే ఊళ్ల మీద రజాకార్ల దాడులు పెరిగాయి. మజ్లిస్ పగ్గాలు లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ చేతిలో ఉన్నాయి. ఇక్కడ పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఒక ప్రభుత్వం ఉన్నాయని షోయబుల్లా ఇదారియా రాశాడు. రియాసత్‌లో చాలామందికి తెలిసిన మాటే. దాన్ని అచ్చేసి తన పేరు పెట్టుకున్నవాడు ఇతను.

ఇంతకన్నా ఘాటుగా రాసిన అఖ్బార్లు రియాసత్ బయట ఎన్నో ఉన్నాయి. వాటితో హుకూమత్‌కి పెద్ద తకలీఫ్ లేదు. దుష్మన్ రాతలు అని కొట్టిపారేయొచ్చు. సరిహద్దు దాటి రాకుండా ఆపొచ్చు. ఇమ్రోజ్‌తో ఆ సౌకర్యం లేదు. రజ్వీ మొత్తం దావా ఒక్క మాట మీద నిలబడింది: రియాసత్‌లోని ముసల్మాన్లంతా మా వెనకే ఉన్నారు. రాసేవాడు ముసల్మాన్, రాసేది ఉర్దూలో, చదివేవాళ్లు ఆ ఖౌమ్ వాళ్లే అయినప్పుడు ఆ దావా ప్రతి పొద్దున్నా అబద్ధం అవుతూ ఉంటుంది. అందుకే అతనికి దుష్మన్ అనే పేరు సరిపోలేదు, గద్దార్ అన్నారు. దుష్మన్ అనడం కన్నా గద్దార్ అనడంలోనే భయం ఎక్కువ కనిపిస్తుంది నాకు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక బయాన్ మీద దస్తఖత్ చేశారు. వాళ్లలో బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా ఉన్నారు. రజాకార్లను ఆపాలి, హైదరాబాద్ హిందుస్తాన్‌తో కలవాలి అన్నది దాని సారం. ఇమ్రోజ్ దాన్ని అచ్చేసింది. అప్పటిదాకా ఒక్కడి పిచ్చి అనుకున్నది ఇప్పుడు ఏడుగురి దస్తఖత్‌లతో వచ్చింది. కొద్ది రోజులకే రజ్వీ ఒక తఖ్రీర్‌లో, మాకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడతాయి అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు.

ఆగస్టు 21 రాత్రి పొద్దుపోయాక ఆఫీసు పని ముగించుకుని షోయబుల్లా కాచిగూడ దగ్గర నడిచి వస్తున్నాడు. వెంట బావమరిది ఇస్మాయిల్ ఖాన్. తుపాకీతో కాల్చారు, కత్తులతో చెయ్యి నరికారు. అడ్డం పడిన ఇస్మాయిల్ ఖాన్ చెయ్యీ తెగింది, ఆయన మాత్రం బతికాడు. తెల్లవారేలోపు, 22న, షోయబుల్లా ప్రాణం పోయింది. ఇంకా 28 నిండలేదు. ఇమ్రోజ్ బతికింది తొమ్మిది నెలల చిల్లర.

అదే ఆగస్టు 21 తారీఖుతో నిజాం సర్కారు ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఒక తంతి పంపింది. పెద్ద పొరుగు దేశం మమ్మల్ని బెదిరిస్తోంది, ఇన్సాఫ్ చెయ్యండి అని. ఈ రెండు సంగతుల్ని ఒకే పేజీ మీద పెట్టిన పుస్తకం నాకింకా దొరకలేదు.

చెయ్యి గురించి ఒక మాట. ఆ కాలపు ఉర్దూ అఖ్బార్లో టైపు అక్షరాలు పేర్చడం దాదాపు ఉండేది కాదు. సహాఫీ రాసిచ్చిందాన్ని కాతిబ్ కలంతో అందంగా చేత్తోనే రాసేవాడు, అది రాతిమీదకెక్కి అచ్చయ్యేది. ప్రతి హర్ఫ్ ఎవరో ఒకరి చేతిలోంచి రావలసిందే. చెయ్యి నరకడమంటే అఖ్బార్ నరకడమేనని చంపినవాళ్లకి బాగా తెలుసు.

సెప్టెంబర్ 13న ఫౌజ్ వచ్చింది, 17న రియాసత్ లొంగిపోయింది. చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. నేను ఆపలేను, ఎందుకంటే మా ఇళ్లల్లో అసలు కథ అక్కడ మొదలవుతుంది. మా పెద్దల ముందు షోయబుల్లా పేరు తీస్తే మాట మార్చేవాళ్లు. చిన్నప్పుడు కోపమొచ్చేది. తర్వాత అర్థమైంది. పోలీస్ యాక్షన్‌లో వాళ్లు ఏం చూశారో దాన్ని ఎవరూ అడగలేదు. షోయబుల్లా ఒక్కడి గురించే అందరూ అడుగుతారు.

అడిగినవాళ్లు అసలు లేకపోలేదు. 1948 చివర్లో నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్‌తో ఒక కమిటీని పంపింది. అందులో ఒక సభ్యుడు మన 'పయామ్' ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ సాహెబ్. 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత, తక్కువలో తక్కువ లెక్క వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికన్నా ఎక్కువ ఓడిపోయాయి. రజాకార్ల జుల్మ్‌ను వాళ్లు దాచలేదు. హిందువులు ముస్లింలను కాపాడిన చోట్లనూ వదల్లేదు. సహాఫీ చేయవలసిన పని చేశారు.

ఆ రిపోర్టును ప్రభుత్వం అచ్చేయలేదు. ఈసారి చెయ్యి నరకలేదు, ఎవరినీ కాల్చలేదు, ఆ తేడా చిన్నది కాదు, నేను చిన్నది చేయను. కానీ కాగితం మాత్రం బీరువాలోకి వెళ్లింది. షోయబుల్లా షహాదత్ కొత్త హుకూమత్‌కి పనికొచ్చింది, కాబట్టి అతని పేరు బతికింది. ఖాజీ సాహెబ్ లెక్క పనికిరాలేదు. ఇద్దరూ ఉర్దూ సహాఫీలే, ఇద్దరూ కళ్లముందు ఉన్నది రాసినవాళ్లే. ఒకణ్ణి పొగుడుతూ రెండోవాడి కాగితం మీద తాళం వేసిన పద్ధతిని ఏమనాలో మీరే చెప్పండి.

మిగతావాళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. నిజాం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు. రజ్వీ జైల్లో ఉండి, 1957లో బయటికొచ్చి పాకిస్తాన్ వెళ్లిపోయాడు, 1970లో అక్కడే పోయాడు. నిజాం కాలంలో పోలీసులకు చిక్కకుండా తిరిగిన మఖ్దూమ్ మొహియుద్దీన్‌ని కొత్త ప్రభుత్వం 1951లో పట్టుకుని జైల్లో పెట్టింది. ఖాజీ సాహెబ్ 1956లో ఇంతేఖాల్ అయ్యారు. సుందర్‌లాల్ రిపోర్టు 2013లో ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చదువుకునేవాళ్లకి అందుబాటులోకొచ్చింది.

ఇక నా గరజ్ ఒకటుంది. ఫొటో నా దగ్గర చాలా ఉంది, పంపొద్దు. మీ నానాల, దాదాల సందూఖుల్లో, అట్టలు ఊడిన పాత జిల్దుల మధ్య, ఇమ్రోజ్ సంచిక ఒక్కటి, సగం చిరిగిందైనా సరే, కనిపిస్తే రద్దీవాలాకి వెయ్యకండి. ఉర్దూ చదవడం రాకపోతే నాకు కబురు చెయ్యండి, వచ్చి చదివి వినిపిస్తాను.