రెండో చదువు: కథకుల పఠనం, కథానిర్మాణం - ఒక పరిశీలన

కథ ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు తెలుగులో తక్కువ. కాళీపట్నం రామారావు ‘కథాకథనం’ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బడి లేని ఈ విద్యను మన కథకులు ఎక్కడ నేర్చారని అడిగితే చదివి నేర్చారనే అందరూ అంటారు. ఆ జవాబు నిజమే గాని అరకొర. విపరీతంగా చదివేవాళ్లంతా కథకులు కావడం లేదు. ఏళ్ల తరబడి చదువుతూ రాస్తూ ఉన్నా మొదటి కథ దగ్గరే నిలిచిపోయినవాళ్లూ ఉన్నారు. చదువు మీది ప్రేమ రాతలోకి ఏ దారిన వస్తుందన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. ఆ దారి పునఃపఠనమని నా ప్రతిపాదన. మొదటిసారి చదివేటప్పుడు కథ మనల్ని వెంటబెట్టుకుని పోతుంది. ముగింపు తెలిశాక మళ్లీ చదివితేనే, రచయిత ఏ సంగతిని ఎక్కడ పెట్టాడో, ఎందుకు పెట్టాడో బయటపడుతుంది.

గురజాడ ‘దిద్దుబాటు’ అందరికీ తెలిసిన కథ గనుక దానితోనే మొదలుపెడతాను. 1910 ఫిబ్రవరి ‘ఆంధ్రభారతి’లో అచ్చయిన ఈ కథకూ, తర్వాత ప్రచారంలోకి వచ్చిన పాఠానికీ భాషలో తేడాలున్నాయి. నిర్మాణం మాత్రం ఒకటే. సానివాళ్ల పాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. నౌకరు రాముడి మీద విరుచుకుపడతాడు. కమలిని రాసిపెట్టిన ఉత్తరం చదివి కుంగిపోతాడు. ఆమెను తీసుకురమ్మని రాముణ్ణి పురమాయిస్తూ, ఆమెతో ఏమేం చెప్పాలో నేర్పుతాడు. అప్పుడు మంచం కింది నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి.

మొదటిసారి ఇది చమత్కారంగా ముగిసే చిన్న కథ. రెండోసారి చదివితే కథ మొత్తం మారిపోతుంది. అతని కోపం, ఉత్తరం చదివాక బేలతనం, నౌకరు ముందు ఒప్పుకున్న తప్పు, ఇవన్నీ కమలిని వింటూనే ఉంది. రాముడితో పంపాలనుకున్న కబురు ఎవరికి చేరాలో వాళ్లకు అప్పటికే చేరిపోయింది. మొదట మొగుడి పశ్చాత్తాపంగా చదివినది, రెండోసారి భార్య జరిపిన విచారణగా కనిపిస్తుంది. ఇంత పెద్ద సంగతిని దాచడానికి గురజాడ ఎక్కడా అబద్ధం ఆడలేదు. కథనాన్ని గోపాలరావు చూపుకే కట్టేశాడు. అతను చూసిందే మనకు చూపించాడు, అతను వెతకని చోటును మనమూ వెతకలేదు. దృష్టికోణం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా అందని పాఠం ఈ నాలుగైదు పుటల్లో ఉంది. కాకపోతే అది రెండోసారి తలుపు తట్టినవాడికే దొరుకుతుంది.

తన రచన దగ్గరికి తానే పాఠకుడిగా తిరిగి రావడం ఇందులో ఇంకా కష్టమైన భాగం. అదీ గురజాడ చేసి చూపించాడు. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, పేరు తెచ్చుకుంది. అక్కడితో ఊరుకుంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. 1909లో వచ్చిన రెండో కూర్పు మాత్రం దాదాపు కొత్త రచన. ఏడంకాలకు విస్తరించింది. మధురవాణి పాత్ర ఎంతగానో పెరిగి, నాటకానికే నడుమగా నిలిచింది. ఈ రోజు మనం ‘కన్యాశుల్కం’ అంటున్నది ఈ రెండోదాన్నే. మొదటి కూర్పును బంగోరె 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’గా తిరిగి ప్రచురించకపోయి ఉంటే, మహారచన కూడా ఒక్క విడతలో పుట్టిందనే భ్రమలో చాలామందిమి ఉండిపోయేవాళ్లం. నాటకమే అయినా కథకులు ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఏ సన్నివేశం నిలిచింది, ఏ పాత్రకు మాట పెరిగింది అని గుర్తులు పెట్టుకుంటూ పోతే, తిరగరాయడమంటే వాక్యాలకు మెరుగుపెట్టడం మాత్రమే కాదని, పాత్రల మధ్య బలాబలాలను మళ్లీ తూచడమని బోధపడుతుంది.

కాళీపట్నం రామారావు (1924-2021) దగ్గర ఈ ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసిన కారా మాస్టారు 1940లలోనే చిన్న కథలతో రచన మొదలుపెట్టారు. 1960లలో వచ్చిన ‘యజ్ఞం’కు ముందు కొన్నేళ్లు కథారచనకు దాదాపు దూరంగా ఉండిపోయారు. ఆ మౌనానికి ముందటి కథలూ తర్వాతి కథలూ వరసగా చదివితే, రాసినవాడు ఒక్కడేనా అనిపించేటంత తేడా ఉంటుంది.

‘యజ్ఞం’ ముగింపు తెలుగు విమర్శలో పెద్ద చర్చకే కారణమైంది. తండ్రి అప్పలరాముడు గోపన్నకు పడిన బాకీ పంచాయితీకెక్కుతుంది. శ్రీరాములునాయుడంతటి పెద్దమనిషి తీర్పు చెబుతాడు. ఆ తీర్పు తర్వాత కొడుకు సీతారాముడు, తన బిడ్డ బానిసగా బతకకూడదని ఆ పసివాణ్ణి చంపేస్తాడు. ఇది అసహజమని కొందరు, అనివార్యమని కొందరు వాదించారు. రెండోసారి చదివితే నేను అనివార్యమనే వైపే నిలబడతాను. కథ మొదట్లో సుందరపాలెం ఊరి బాగును రచయిత తీరిగ్గా వర్ణిస్తాడు. తొలి చదువులో అది పంచాయితీకి ముందు కాస్త సాగదీసిన నేపథ్యంలా ఉంటుంది. ముగింపు తెలిసి చదివితే అదే భాగం అప్పు పుట్టుకకు లెక్కగా మారుతుంది. ఊరికి వచ్చిన ప్రతి మేలూ కొందరికి లాభం, కొందరికి బాకీ. హత్య చివరి పుటలో జరుగుతుంది గాని దానికి కారణాలు తొలి పుటల్లో ప్రశాంతంగా, పొగడ్తలా వినిపించే వాక్యాల్లో ఉన్నాయి. ‘నేరుగా కథలోకి వెళ్ళు’ అనే సూత్రానికి కట్టుబడి ఉంటే ఈ కథ ఉండేదే కాదు. ఏ సూత్రం ఎప్పుడు చెల్లదో నేర్పేది ఇలాంటి కథలే.

నా ప్రతిపాదనకు ఎదురుగా నిలిచే ఉదాహరణ శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891-1961). ఇంగ్లీషు చదువు లేదు. పాశ్చాత్య కథానికను నమూనాగా పెట్టుకున్నవాడూ కాదు. వైదిక కుటుంబంలో పెరిగి, సంస్కృతం చదివి, ‘వడ్లగింజలు’, ‘మార్గదర్శి’ లాంటి కథలు రాశాడు. అంత సజీవమైన సంభాషణ ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చిందనడం కష్టం. గోదావరి జిల్లాల ఇళ్లలో, అరుగుల మీద విన్న మాటల్లోంచి వచ్చింది. అయితే ఇది నా ప్రతిపాదనను కొట్టేయదు, విస్తరిస్తుంది. విన్నదాన్ని మళ్లీ మళ్లీ మనసులో పలికించుకోకుండా ఒక మనిషి మాట తీరును కాగితం మీదికి తేవడం ఎవరికీ సాధ్యం కాదు. శ్రీపాద కథలను పైకి చదివితే ఈ సంగతి తెలుస్తుంది. ‘అన్నాడు’, ‘అంది’ తీసేసినా ఎవరి మాట ఎవరిదో పోల్చుకోగలం.

పరాయి సాహిత్యం ప్రభావం గురించి ఒక్క మాట. అంపశయ్య నవీన్ ‘అంపశయ్య’ (1969) చైతన్య స్రవంతి పద్ధతిలో వచ్చిన నవల. ఆ పద్ధతికి మూలాలు జేమ్స్ జాయిస్ దాకా వెళతాయి. అయినా అందులో ఉన్నది డబ్లిన్ కాదు, ఉస్మానియా క్యాంపస్‌లో డబ్బుల్లేని రవి అనే విద్యార్థి గడిపిన ఒక్క రోజు. మక్కీకి మక్కీ దించినవాడికి పద్ధతి ఒక్కటే మిగులుతుంది. బాగా చదివినవాడు ఆ పద్ధతిని తన ఊరి పనికి పెట్టుకుంటాడు.

ఈ చర్చంతా ఒక భౌతికమైన విషయం మీద ఆధారపడి ఉంది. మళ్లీ చదవాలంటే కథ మళ్లీ దొరకాలి. వారపత్రికలో వచ్చి, పాతకాగితాల కొట్టుకు పోయిన కథను ఎవరు రెండోసారి చదువుతారు? కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ‘కథానిలయం’ ప్రారంభించింది ఈ లోటు తీర్చడానికే. కథల కోసమే ఒక గ్రంథాలయం కట్టి, సంపుటాలతో పాటు పాత పత్రికలను కూడా ఓపికగా పోగుచేశారు. గొప్ప కథలనే ఏరి దాచకపోవడం ఆయన దూరదృష్టి అని నా నమ్మకం. ఒక సంవత్సరపు పత్రికలన్నీ తిరగేస్తే అప్పటి సగటు కథ ఎలా ఉండేదో అర్థమవుతుంది. అది తెలిస్తేనే మంచి కథ ఎక్కడ దారి మళ్లిందో తెలుస్తుంది. భండారు అచ్చమాంబ 1902లో ‘హిందూ సుందరి’లో రాసిన ‘ధనత్రయోదశి’ని తొలి తెలుగు కథల చర్చలోకి తెచ్చింది కూడా పాత సంచికలను శ్రద్ధగా తిరగేసిన చదువరులే.

మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు నా విన్నపం ఇది. కథాసాహిత్యాన్ని బోధించేటప్పుడు కథల సారాంశాలు, రచయితల జీవిత విశేషాలతో సరిపెట్టవద్దు. రెండు ‘కన్యాశుల్కా’లనూ ఒకే వారంలో విద్యార్థుల చేతికివ్వండి. ‘దిద్దుబాటు’ను ఒకసారి గోపాలరావు వైపు నుంచి, ఇంకోసారి మంచం కింది నుంచి చదివించండి. కథ రాయాలని ఉన్న యువతీయువకులను ఏడాదికి ఒక్కసారైనా కథానిలయానికి పంపండి. అక్కడ వాళ్లు కొత్త కథల కోసం వెతకనక్కర్లేదు. ఇష్టమైన ఒకే ఒక్క పాత కథను తీసుకుని, అది ఎలా కట్టారో తేలేదాకా చదవమనండి.