మన తాతలు నడిచిన కొండదారులు

ప్రతి ఏటా ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం చేసుకుంటాం. ర్యాలీ తీస్తాం. అల్లూరి సీతారామరాజుకు, గాం గంటందొరకు, మల్లుదొరకు పూలమాలలు వేస్తాం. ఆ వీరులు ఏ దారుల్లో నడిచి పోరాడారో మాత్రం మనలో చాలామందికి తెలియదు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవు దొరికితే బైకుల మీద మారేడుమిల్లి వెళ్తున్నారు. గుడిస కొండెక్కి మబ్బుల్లో ఫోటోలు దిగుతున్నారు. సంతోషమే. కానీ కొండల్లో మనం ట్రెక్కింగ్ చేసే బాటలను ఏ టూరిజం శాఖా కొత్తగా పుట్టించలేదు. తరతరాలుగా మన పెద్దల పాదాలు వేసిన బాటలవి. వాటి చరిత్ర ఈ సావనీర్ ద్వారా మన యువతకు చెప్పాలనిపించింది.

సంతకు దారి, ఏటికి దారి

కొండరెడ్లకు, కోయలకు బాట అంటే బతుకే. ఊరి నుంచి పోడుకు ఒక బాట, నీళ్ల వాగుకు ఒకటి, కొండదేవత దగ్గరకు ఒకటి, చుట్టాల ఊరికి ఒకటి. అన్నింటికన్నా పొడవైనది సంత బాట. చింతపండు, అడ్డాకులు, చీపుర్లు కావిడిలో పెట్టుకుని కొండ దిగేవారు. ఉప్పు, బట్టలు తీసుకుని కొండ ఎక్కేవారు.

కోనసీమకు ఈ బాటలతో సంబంధం లేదనుకోకండి. పాపికొండల మధ్య నుంచి వచ్చే గోదారే ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి కోనసీమను పెంచింది. కొండల్లో నరికిన కలప, వెదురు ఏటి ఒడ్డుకు చేరి, తెప్పలుగా కట్టి రాజమండ్రికి తేలివచ్చేవి. ఆ వెదురు నరికినవాళ్లలో మన కొండరెడ్లు ఎందరో. హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు 1940ల్లో పాపికొండల ఊళ్లలో తిరిగి, కొండరెడ్లపై 1945లో ఒక పుస్తకం ప్రచురించాడు. వెదురు వ్యాపారుల దగ్గర మనవాళ్లు అప్పుల్లో ఎలా చిక్కుకున్నారో అందులో రాశాడు.

బాట నేరమైన రోజులు

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేసే ముందు దారి హక్కు, నీటి హక్కు, మేత హక్కు ఉన్నవాళ్లు గడువులోగా అధికారి ముందు చెప్పుకోవాలన్నారు. చెప్పుకోని హక్కు రద్దయినట్టే. కాగితం, అక్షరం తెలియని కొండవాసికి ఆ నోటీసు అర్థమయ్యేదెలా? అలా తాత నడిచిన బాటలోనే మనవడు దొంగలా నడవాల్సి వచ్చింది. పోడు నేరమైంది. పుల్ల విరిచినా జరిమానాయే.

అంతకుముందే 1879 మార్చిలో రంప పితూరీ రేగింది. కల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు దోపిడీ, కింది వ్యాపారుల కోర్టు దావాలు, పోలీసుల జులుం అందుకు కారణాలు. ఏప్రిల్‌కు గొలుగొండ కొండలకు, జూలైకి రేకపల్లికి పితూరీ పాకింది. తంతి లేని కొండల్లో కబురు అంత వేగంగా పోయిందంటే, అది కాలిబాటల చలవే. అణచడానికి ప్రభుత్వం ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లను దించాల్సి వచ్చింది.

మన్యం పోరాటానికి దగ్గర కారణాల్లో కూడా ఒక రోడ్డు ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వేయించడానికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లతో చాలీచాలని కూలికి బండచాకిరీ చేయించాడు. మన కొండను మన చేత తవ్వించి, మన మీదికి బళ్లు, బలగాలు రావడానికి దారి వేయించుకున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై రామరాజు దళం దాడి చేసింది. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! అడ్డదారులు తెలిసినవాళ్లకే అది సాధ్యం. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు హతమయ్యారు. 1924 మే 7న రామరాజును కాల్చి చంపేదాకా కొండబాట మనవాళ్ల పక్షానే ఉంది.

ఇప్పుడు మన ముందున్న పని

రోడ్లు వద్దని నేను అనడం లేదు. గర్భిణిని డోలీలో మోసుకుని వాగులు దాటే ఊళ్లు ఇంకా ఉన్నాయి. వాటికి రోడ్డు కావాలి, అంబులెన్సు రావాలి. అది మన హక్కు. కానీ రోడ్డు వచ్చాక పాత బాటను మరిచిపోతే దానితోపాటు పోయేవి చాలా ఉన్నాయి.

పాపికొండల అడవి 2008లో నేషనల్ పార్కు అయింది. పోలవరం జలాశయం 45.72 మీటర్ల మట్టానికి నిండితే గోదారి ఒడ్డు ఊళ్లు, వాటి మధ్య బాటలు, బాట పక్కన పెద్దల సమాధులు నీటి కిందికి పోతాయి. దేవీపట్నం వైపు ఊళ్లవాళ్లు ఇప్పటికే పునరావాస కాలనీలకు చేరారు. అక్కడ పుట్టిన పిల్లవాడికి తాత ఊరికి దారి ఎవరు చెప్పాలి?

2006 అటవీ హక్కుల చట్టం మనకు ఒక ఆయుధం ఇచ్చింది. గ్రామసభ ముందు పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెడితే అది సాక్ష్యం. పాత బావి, సమాధులు, దేవతా స్థలం సాక్ష్యమే. కొండరెడ్ల వంటి ఆదిమ తెగలకు నివాస ప్రాంతం మొత్తం మీద హక్కు అడిగే వీలు కూడా ఉంది. 1882లో చెప్పుకోలేక పోగొట్టుకున్నదాన్ని ఇప్పుడు చెప్పుకుని నిలబెట్టుకోవచ్చు.

అమెరికాలో ఏం జరుగుతోందో చూడండి. కాలిఫోర్నియాలో కొండ, ఎడారి కలిసే శాన్ జాసింటో పర్వతాల కింద అగువా కాలియంటే కాహుయిల్లా తెగవాళ్లు తమ లోయల్లోని బాటలను తామే నిర్వహిస్తున్నారు. వచ్చే యాత్రికులు వాళ్లకే రుసుము కట్టి నడుస్తారు. మారేడుమిల్లి దగ్గర స్థానిక వన సంరక్షణ సమితులు నడిపే విడిదులు అలాంటి ప్రయత్నానికి తొలి అడుగే. దాన్ని మన పిల్లలే గైడ్లుగా, చరిత్ర చెప్పేవాళ్లుగా ముందుకు తీసుకెళ్లాలి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి భూమి పండుగకు ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. తాతనో అమ్మమ్మనో వెంటబెట్టుకుని ఒక్క పాత బాటలో నడవండి. ఏ వాగు పేరేమిటో, ఏ చెట్టు కింద దించుకునేవారో, ఏ బండ దగ్గర దణ్ణం పెట్టేవారో అడగండి. ఫోన్‌లో మాట రికార్డు చేయండి, దారిని గుర్తు పెట్టండి, కాగితం మీద రాసి గ్రామసభకు ఇవ్వండి. తాత నడవగలిగినప్పుడే అడగాలి. ఆలస్యం చేస్తే చూపించేవాళ్లు ఉండరు.

జై ఆదివాసీ!